పెన్సిలుతో మొదలుపెట్టండి: కాలంతో మారే వ్యవస్థకు నమూనా కట్టే పద్ధతి

నమూనాలు, అంటే ఒక వ్యవస్థ కాలంతో ఎలా మారుతుందో లెక్కల్లో చూపే చిత్రాలు, కట్టడం నేర్చుకుంటామని వచ్చినవారిని మొదటి రోజు నేను కంప్యూటర్ ముట్టుకోనివ్వను. గీతల కాగితం, పెన్సిలు, రబ్బరు ఉంటే చాలు. కాగితం మీద అడ్డంగా సంవత్సరాలు వేయండి. నిలువుగా మిమ్మల్ని వేధిస్తున్న సంగతిని వేయండి: నిరుద్యోగుల సంఖ్యో, ఇళ్ల అద్దెలో, నర్సుల కొరతో. గడిచిన ఇరవై ముప్పై ఏళ్లలో ఆ గీత ఎలా నడిచిందో మీకు తెలిసినంత మేరకు గీయండి. అది ఎందుకు అలా నడిచిందన్నదే మీ ప్రశ్న.

ఈ ప్రశ్న లేకుండానే నేను నా మొదటి నమూనా కట్టాను. మొత్తం ఆరోగ్య వ్యవస్థను ఒక్క చిత్రంలో పట్టాలనుకున్నాను. అరవైకి పైగా చలరాశులు చేరాయి. గీతలు లేచాయి, పడ్డాయి. ఎందుకు లేచాయో కట్టిన నేనే చెప్పలేకపోయాను. అప్పటి నుంచి ప్రశ్నకే నమూనా కడుతున్నాను, వ్యవస్థకు కట్టడం మానేశాను.

తర్వాత నిల్వలను, ప్రవాహాలను వేరు చేయాలి. కాలం ఈ క్షణాన ఆగిపోతే, ఆగిన తర్వాత కూడా లెక్కపెట్టగలిగేది నిల్వ. పనిలో ఉన్న నర్సులు నిల్వ, ఏటా కొత్తగా చేరేవారు ప్రవాహం. ప్రభుత్వ అప్పు నిల్వ, ఏటా వచ్చే లోటు ప్రవాహం. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే లోటు తగ్గిందనగానే అప్పు తగ్గిందని చాలామంది పొరబడతారు. లోటు సగమైనా అప్పు పెరుగుతూనే ఉంటుంది, నెమ్మదిగా. ఆర్థికవేత్త బిల్ ఫిలిప్స్ 1949లో లండన్‌లో ఆర్థిక వ్యవస్థను తొట్లు, గొట్టాలు, రంగు నీళ్లతో యంత్రంగా కట్టి చూపించాడు. తికమక పడినప్పుడల్లా నేను ఆ తొట్లనే తలుచుకుంటాను.

ఇప్పుడు చేత్తో ఒక లెక్క చేద్దాం. దీన్ని చదివి వదిలేయకండి, మీరూ వేసి చూడండి. కావలసిన నర్సులు 1000 మంది, ఉన్నవారు 800 మంది. ఏటా 5 శాతం మంది విరమిస్తారు. చదువు నాలుగేళ్లు, ఈ ఏడు చేరినవారు ఐదో ఏట ఉద్యోగంలోకి వస్తారు. ఇప్పటికే నాలుగు తరగతుల్లోనూ 40 మంది చొప్పున చదువుతున్నారు. సీట్లకు నియమం ఒక్కటే: విరమించేవారి సంఖ్యకు నర్సుల లోటును కలిపి, అంతమందిని చేర్చుకోవడం.

మొదటి ఏడు 40కి 200 కలిపితే 240 సీట్లు. రెండో ఏడు మొదట్లో లెక్క చూస్తే నర్సులు 800 మందే, ఎందుకంటే కొత్తవారు ఇంకా చదువుతూనే ఉన్నారు. మళ్లీ 240. ఇలా ఐదేళ్లు గడుస్తాయి. 200 మంది లోటు పూడ్చడానికి 1200 మందిని చేర్చుకున్నాం! ఆరో ఏడు మొదట్లో సంఖ్య సరిగ్గా 1000. అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఏడో ఏడు 1190, ఎనిమిదో ఏడు 1370, పదో ఏడు 1700 దాటుతుంది. ఏడో ఏడు నుంచి సీట్లు సున్నా. అవి మళ్లీ తెరుచుకునేది 21వ ఏట. ఆ సీట్లలో చేరినవారు బయటికి వచ్చేలోపు సంఖ్య దిగిపోతూనే ఉంటుంది. 25వ ఏడు మొదట్లో మిగిలేది 815 మంది, అంటే మొదలుపెట్టిన చోటికే వచ్చాం.

ఇందులో ఎవరూ తప్పు చేయలేదు, బయటి నుంచి ఏ ఉపద్రవమూ రాలేదు. ఊగిసలాట అంతా ఆ నియమంలోనూ, నాలుగేళ్ల జాప్యంలోనూ ఉంది. చదువుతున్నవారిని కూడా లెక్కలోకి తీసుకోండి: విరమించేవారికి నాలుగు రెట్ల కంటే ఎక్కువ మంది తరగతుల్లో ఉంటే ఆ అదనాన్ని సీట్ల నుంచి తీసేయండి, తక్కువ ఉంటే కలపండి. అప్పుడు సంఖ్య ఆరో ఏటే 1000కి చేరి, ఆ తర్వాత 40కి మించి అటూ ఇటూ కదలదు. ఈ పట్టిక మొదటిసారి నా చేత్తో పూర్తి చేసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. పిల్లల భవిష్యత్తు, రోగుల ప్రాణాలు ఒక తీసివేత మీద ఆధారపడి ఉన్నాయి.

అమెరికా ఇంజనీరు జే ఫారెస్టర్ సిస్టమ్ డైనమిక్స్ అనే ఈ రంగాన్ని మొదలుపెట్టిందీ ఇలాగే. అమెరికాలో కెంటకీలోని జనరల్ ఎలక్ట్రిక్ గృహోపకరణాల కర్మాగారాలు ఒకప్పుడు మూడు నాలుగు షిఫ్టులు నడిచేవి, కొన్నేళ్లకు సగం మందిని తీసేసేవి. కారణం మార్కెట్టే అనుకున్నారు. ఆయన నోటుపుస్తకంలో సరుకు, ఉద్యోగులు, ఆర్డర్లు అని నిలువు వరసలు గీసి వారం వారం లెక్క నడిపాడు. బయటి ఆర్డర్లు నిలకడగా ఉన్నా ఉద్యోగాలు ఊగుతాయని తేలింది.

ఒక మార్పు చుట్టూ తిరిగి తనమీదే ప్రభావం చూపితే అది వలయం. వలయాల సంగతి క్లుప్తంగా చెబుతాను. జనాభా పెరిగితే జననాలు పెరుగుతాయి, జననాలు జనాభాను ఇంకా పెంచుతాయి: ఇది ఎగదోసే వలయం. లోటు సీట్లను పెంచుతుంది, సీట్లు లోటును తగ్గిస్తాయి: ఇది సర్దే వలయం. ఎగదోసే వలయం ఎల్లకాలం ఒంటరిగా సాగదు. పెరుగుదల ఎక్కడో వంగి నిలవాలని బెల్జియం గణితవేత్త వెర్హుల్స్ట్ 1838లోనే సమీకరణం రాశాడు. మీ చిత్రంలో ఎగదోసే వలయాలే ఉంటే ఏదో మరిచిపోయారన్నమాట.

నిల్వలతో పని జరగని చోటు కూడా ఉంది. ఎవరి పక్కన ఎవరున్నారన్నదే ముఖ్యమైతే నమూనాలో మనుషులను విడివిడిగా, ఒక్కొక్కరిగా నడపాలి. పొరుగున తనవారు కొంత భాగమైనా ఉంటే చాలని ప్రతి ఒక్కరూ అనుకున్నా, ఊరంతా రెండుగా విడిపోవచ్చని ఆర్థికవేత్త థామస్ షెల్లింగ్ 1971లో గళ్ల పలక మీద చూపించాడు. అలాంటి ప్రశ్నలకు నెట్‌లోగో అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. మన నర్సుల లెక్కకు స్ప్రెడ్‌షీట్ సరిపోతుంది, పెద్దదైతే నిల్వలు, ప్రవాహాలతో నమూనాలు కట్టే వెన్‌సిమ్ అనే సాఫ్ట్‌వేర్ వాడుకోవచ్చు.

కంప్యూటర్‌లో ఎక్కించాక పరీక్షలు. సీట్లు సున్నా చేయండి: సంఖ్య తగ్గాలి, కానీ సున్నా కిందికి పోకూడదు. లెక్క అడుగును, అంటే ఒక్కో లెక్కకూ మధ్య కాలాన్ని, ఏడాది నుంచి ఆరు నెలలకు తగ్గించండి. గీత ఆకారమే మారిపోతే మొదటి అడుగు మరీ పెద్దది.

చివరిగా కొలమానాలు. నాకు అన్నిటికంటే ఎక్కువ తప్పులు పట్టించిన పరీక్ష ఇదే. పై నియమాన్ని మళ్లీ చూడండి. విరమించేవారు "ఏడాదికి ఇంతమంది". లోటు కేవలం "ఇంతమంది". ఈ రెండింటినీ కలపడం కుదరదు! లోటును ఎన్నేళ్లలో పూడ్చాలో చెప్పి, ఆ సంఖ్యతో భాగిస్తేనే కుదురుతుంది. ఒక్క ఏడాదిలో అని మనం తెలియకుండానే అనేసుకున్నాం. దాన్ని ఐదేళ్లు చేసి, చదువుతున్నవారి లెక్క కూడా వదిలేసి నడపండి: సీట్లు 240 కాదు, 80తో మొదలవుతాయి. సంఖ్య 15వ ఏట 1042 దగ్గర ఆగి వెనక్కి తిరుగుతుంది. అయితే 1000ని అందుకునేది ఆరో ఏట కాదు, 11వ ఏట. ఆ అదనపు కొరతను భరించేది రోగులు. కాబట్టి ఆ "ఐదు"ను ఎవరు నిర్ణయించారో, ఎందుకో, పట్టిక పక్కనే రాసి ఉంచండి.