‘స్ట్రూ’ అనే ఇంగ్లీషు క్రియను సరిగా వాడటం ఎలా

తిరుపతిలో బ్యాంకు పరీక్షలకూ గ్రూప్స్‌కూ ఇంగ్లీషు చదువుకుంటున్న విద్యార్థుల నోటు పుస్తకాలు తిరగేస్తే స్కాటర్, స్ప్రింకిల్, డిస్పర్స్, స్ప్రెడ్, స్ట్రూ అనే క్రియలు ఒకే వరుసలో కనిపిస్తాయి. అన్నిటి ఎదురుగానూ ‘చల్లు, వెదజల్లు’ అనే అర్థమే రాసి ఉంటుంది. చిన్న నిఘంటువులు అంతకుమించి చెప్పవు కనుక ఇందులో విద్యార్థులను తప్పుపట్టలేము. కానీ ఖాళీలు పూరించే ప్రశ్నలోనో, వ్యాసంలోనో ఈ క్రియల్లో ఒకదాన్ని ఎంచుకోవలసి వచ్చినప్పుడు ఆ ఒక్క అర్థం ఏమాత్రం సాయపడదు. వీటిలో ఎక్కువమంది తడబడేది స్ట్రూ దగ్గరే కాబట్టి, దాని అర్థాన్నీ వాడుకనూ పుట్టుకనూ ఇక్కడ కొంత నింపాదిగా చూద్దాము.

తిరుమలలో జరిగే ఒక పెళ్ళిని తీసుకోండి. వధూవరులు దోసిళ్ళతో తలంబ్రాలు పోసుకుంటున్నప్పుడు ఇంగ్లీషులో ఆ పనికి పోర్ లేదా షవర్ అనే క్రియ సరిపోతుంది. పెద్దలు నాలుగు అక్షింతలు తలమీద వేసి దీవిస్తే స్ప్రింకిల్ అనవచ్చు. పెళ్ళి ముగిసి జంట లేచి వెళ్ళాక పీటల చుట్టూ పసుపు పట్టిన బియ్యం, జంపఖానా మడతల్లో చిక్కుకున్న చామంతి రేకులు, కాళ్ళ కింద నలిగిన మల్లెలు మిగులుతాయి. ఆ నేలను వర్ణించవలసి వచ్చినప్పుడు ‘ది ఫ్లోర్ వాజ్ స్ట్రూన్ విత్ రైస్ అండ్ పెటల్స్’ అని రాస్తారు. స్కాటర్ అనే క్రియ వస్తువులు ఒకదానికొకటి దూరంగా చెదిరిపోవడాన్ని చూస్తుంది. స్ట్రూ ఆ వస్తువులు పడి పరుచుకున్న తావును చూస్తుంది. ఈ తేడాను పట్టుకుంటే తక్కిన వాడుక చాలావరకు దానంతట అదే వస్తుంది.

తెలుగులో దీనిని పరీక్షించుకోవడానికి ఒక మంచి ఉపాయం ఉంది. మీరు చెప్పదలచిన వాక్యంలో చోటును తెలిపే మాటకు ‘అంతా’ గానీ ‘నిండా’ గానీ చేర్చి చూడండి. ‘జాతర మర్నాడు వీధంతా వేపాకు’, ‘గదినిండా కాగితాలు’, ‘బోల్తాపడిన లారీ చుట్టుపక్కల రోడ్డంతా మామిడికాయలు’ అనే వాక్యాలు సహజంగా కుదురుతున్నాయి కనుక వాటికి స్ట్రూన్ కూడా కుదురుతుంది. ధర పడిపోయిందన్న బాధతో రైతు టమాటాలను రోడ్డు పక్కన కుప్పగా పారబోస్తే మాత్రం అది డంప్ అవుతుంది. కుప్పగా ఉన్నదానికి స్ట్రూ వర్తించదు. వస్తువులు విడివిడిగా, ఎడంఎడంగా ఆ తావును ఆక్రమించి ఉండాలి.

వాక్య నిర్మాణం రెండు విధాలుగా ఉంటుంది. చోటును కర్మగా ముందు పెడితే తరువాత విత్ అనే ప్రిపోజిషన్ వస్తుంది: ‘దే స్ట్రూడ్ ది పాత్ విత్ ఫ్లవర్స్’. వస్తువును ముందు పెడితే ఆన్, ఓవర్, అక్రాస్, అరౌండ్ వంటివి వస్తాయి: ‘దే స్ట్రూడ్ ఫ్లవర్స్ ఓవర్ ది పాత్’. రెండింటి భావమూ దాదాపు ఒకటే అయినా, మొదటిదానిలో దారి పొడవునా పూలు పరిచారన్న ధ్వని బలంగా ఉంటుంది. రెండవదానిలో ఆ నిండుదనం తప్పనిసరి కాదు. వాడుకలో అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యేది మాత్రం ‘వాజ్ స్ట్రూన్ విత్’, ‘వర్ స్ట్రూన్ అక్రాస్’ అనే కర్మణి రూపమే. విమానం కూలినప్పుడు శకలాలు ఎంత దూరం పడ్డాయో చెప్పే వార్తల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. నామవాచకంతో కలిపి సమాసంగా కూడా వాడతారు. చంద్రగిరి చుట్టూ గుండురాళ్ళతో నిండిన కొండవాలును ‘బోల్డర్-స్ట్రూన్ హిల్‌సైడ్’ అన్నారంటే ఆ దృశ్యం ఒక్క మాటలో కళ్ళకు కడుతుంది. తప్పులు నిండిన జవాబు పత్రాన్ని ‘స్ట్రూన్ విత్ ఎరర్స్’ అనడం కూడా చక్కని వాడుకే.

ఈ క్రియ పొసగని చోట్లు కూడా తెలిసి ఉండాలి. పోలీసులు గుంపును చెదరగొడితే డిస్పర్స్ అనాలి. చప్పుడు విని పిట్టలు తలో దిక్కుకూ ఎగిరిపోతే స్కాటర్ అనాలి, ఎందుకంటే స్కాటర్ కర్మ లేకుండా నిలబడగలదు, స్ట్రూకు కర్మ కావాలి. వాకిట్లో కళ్ళాపి చల్లడం స్ప్రింకిల్ అవుతుంది. దుక్కిలో విత్తనాలు చల్లడానికి సో, స్కాటర్, బ్రాడ్‌కాస్ట్ అనే క్రియలు ఉన్నాయి. రేడియో ప్రసారాన్ని చెప్పే బ్రాడ్‌కాస్ట్ మొదట పొలంలో విత్తనం వెదజల్లడాన్ని చెప్పిన మాటే.

పుట్టుక విషయానికి వస్తే, ఈ క్రియ ప్రాచీన ఇంగ్లీషు నాటిది. గడ్డి అనే అర్థమున్న స్ట్రా దీనికి దగ్గరి చుట్టం. నేలమీద పరిచేది కనుక గడ్డికి ఆ పేరు వచ్చింది. మధ్యయుగపు ఇంగ్లండులో ఇళ్ళలో నేలమీద తుంగవంటి రెల్లునూ, సువాసన గల ఆకులనూ పరిచేవారు. ఆ ఆచారం రాజుల వేడుకల్లోకి కూడా ఎక్కింది: 1821లో నాల్గవ జార్జి పట్టాభిషేకపు ఊరేగింపులో ఒక స్త్రీ, ఆమె వెంట ఆరుగురు యువతులు రాజు ముందు పూలూ మూలికలూ చల్లుతూ నడిచారు. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు అనువాదంలో, యేసు యెరూషలేములో ప్రవేశించినప్పుడు జనం చెట్టుకొమ్మలు నరికి దారిలో పరిచిన ఘట్టంలో ఈ క్రియ స్ట్రాడ్ అనే పాత రూపంలోనే కనిపిస్తుంది. జర్మన్ భాషలోని ష్ట్రాయెన్ కూడా ఇదే కుదురుకు చెందినది.

ఈ కుదురు మన దాకా వచ్చిందన్న సంగతి నాకెంతో ఇష్టమైనది. పరచడం అనే అర్థమున్న సంస్కృత ధాతువు ‘స్తృ’, ఇంగ్లీషు స్ట్రూ ఒకే ప్రాచీన మూలానికి చెందినవి. విస్తరించు, విస్తారం, ఆస్తరణం అని మనం వాడే మాటలన్నీ ఆ ధాతువునుంచి వచ్చినవే. హోమం చేసేటప్పుడు అగ్నికి నాలుగు వైపులా దర్భలు పరుస్తారు; ఆ పనిని ‘పరిస్తరణం’ అంటారు. ఆ మాటలోనూ అదే ధాతువు, ఆ పనిలోనూ నేలమీద గడ్డి పరచడమే. తిరుపతిలో యజ్ఞశాలకు వెళ్ళినవారు ఈసారి ఋత్విక్కు దర్భలను ఒక్కొక్క దిక్కునా వరుసగా పేర్చడాన్ని గమనిస్తే, స్ట్రూ అనే క్రియ తొలినాటి అర్థం కంటి ఎదుటే కనిపిస్తుంది. లాటిన్‌లో ఇదే మూలం రాళ్ళు పరిచిన దారిని సూచించే మాటను ఇచ్చింది. ఇంగ్లీషు స్ట్రీట్ దానినుంచి వచ్చినదే.

ఈ చరిత్ర అనువాదానికి కూడా పనికి వస్తుంది. స్ట్రూ వెనుక రెండు భావాలున్నాయి: ఒకటి మర్యాదతో, పనిగట్టుకుని పరచడం, రెండవది పట్టించుకోక చిందరవందరగా పడవేయడం. ఊరేగింపు దారిలో పూల విషయంలో ‘పరిచారు’ అని రాయాలి; మంచంమీద బట్టల విషయంలో ‘చెల్లాచెదురుగా పడి ఉన్నాయి’ అని రాయాలి. రెండుచోట్లా ‘వెదజల్లబడినవి’ అని రాసేవారున్నారు; అది తెలుగు చెవికి ఇంపుగా ఉండదు, దయచేసి మానుకోండి.

ఇక రూపాల సంగతి. భూతకాలంలో స్ట్రూడ్ అంటారు. పాస్ట్ పార్టిసిపుల్‌గా స్ట్రూన్, స్ట్రూడ్ రెండూ ఒప్పే అయినా స్ట్రూన్‌కే వాడుక ఎక్కువ, పరీక్షలో దానినే రాయడం మేలు. మాటను ట్రూ, త్రూ అనే మాటలతో ప్రాస కుదిరేలా పలకాలి. చివర ఉన్న డబ్ల్యూను చూసి ‘స్ట్రేవ్’ అనకూడదు. నోటిమాటలో ఇది అంతగా వినిపించదు, రాతలోనే ఎక్కువగా కనిపిస్తుంది. అందువల్ల గది సర్దమని తమ్ముడికి ఇంగ్లీషులో చెప్పేటప్పుడు స్కాటర్ చాలు. వ్యాసంలో ఆ గదిని వర్ణించేటప్పుడు స్ట్రూన్‌ను వాడండి.