డెల్టాలో మొదటి ఫీల్డ్‌వర్క్: నోట్‌బుక్‌లో ఒక గడి ఎక్కువ గీయండి

ఎమ్మెస్సీ జాగ్రఫీ రెండో ఏడాదిలో డిసర్టేషన్ టాపిక్ చెప్పమంటే మా క్లాసులో సగం మంది అరకు అన్నారు. నేను మా ఊరి వెనకున్న డ్రెయిన్ (పొలాల మురుగునీరు పోయే కాలువ) అన్నాను. అమలాపురం అవతల, సముద్రానికి దగ్గర్లో మా ఊరు. డ్రెయిన్‌లోకి ఉప్పునీరు ఎగదన్నుతోందని, కొబ్బరి కాపు పడిపోయిందని ప్రతి వేసవీ మా నాన్నగారి గొడవ. ఎంత దూరం ఎగదన్నుతోందో కొలిచి తేల్చేద్దామనుకున్నాను. మొదటి విడత కొలతలన్నీ చెత్తబుట్టలోకి పోయాయి. మీవి పోకూడదని ఇది రాస్తున్నాను.

జరిగింది ఇదీ. రెండు రోజులు తిరిగి, ఉప్పుదనం కొలిచే ఈసీ మీటరుతో ముప్పై ఎనిమిది చోట్ల రీడింగులు తీశాను. నోట్‌బుక్‌లో మూడు గడులు: చోటు, జీపీఎస్ అంకెలు, రీడింగు. మా గైడ్ గారు పేజీ తిప్పి, "ఇదే వంతెన దగ్గర మొన్న తక్కువ, నిన్న ఎక్కువ. నీళ్ళు మారాయా, నువ్వు వెళ్ళిన వేళ మారిందా?" అన్నారు. పోటు మీద (సముద్రం లేచినప్పుడు) కొలిచానో పాటు మీద (దిగినప్పుడు) కొలిచానో రాసుకుంటే కదా చెప్పడానికి!

కాబట్టి నాలుగో గడి గీయండి. అందులో టైము, పోటా పాటా, ఆ రోజు తిథి. మన తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక్కో రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. ఈ శనివారం పొద్దున్న 8 గంటలకు మంచి పోటు ఉందనుకోండి, వచ్చే శనివారం అదే వేళకు దాదాపు పాటు మీద ఉంటుంది. వారానికోసారి ఇంటికొచ్చి ఒకే టైముకి కొలిచేవాళ్ళకి ఇదే దెబ్బ. అమావాస్యకి, పౌర్ణమికి పోటు జోరు ఎక్కువ, అష్టమి దగ్గర తక్కువ. ఇది వేటకెళ్ళేవాళ్ళకి వేళ్ళ మీద ఉంటుంది, మనమే పుస్తకంలో వెతుక్కుంటాం. కాకినాడ పోటు పట్టిక దొరుకుతుంది గానీ, సముద్రంలో పోటు వచ్చిన కాసేపటికి గానీ లోపలి డ్రెయిన్‌లో నీళ్ళు లేవవు. ఎంతసేపటికన్నది ఒక కర్రకి గీతలు పెట్టి, నీళ్ళలో పాతి, ఒక పూటంతా కూర్చుని చూడాల్సిందే. నేను కూర్చున్నాను. దోమలు తప్ప వేరే ఇబ్బంది లేదు.

నెల కూడా రాయండి. వేసవిలో కాలువలు కట్టేశాక తీసిన రీడింగుకీ, ఖరీఫ్‌కి నీళ్ళు వదిలాక తీసినదానికీ పోలిక కుదరదు. వరద రోజుల్లో అయితే మరీను. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది, అలాంటి వారంలో కొలిస్తే ఉప్పునీటి ఊసే ఉండదు.

ఎక్కడ కొలవాలన్నది కాటన్ దొర కాలం నాటి లెక్క. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. పంట కాలువలు మెరక మీద నుంచి పోతాయి, డ్రెయిన్లు పల్లంలో. డ్రెయిన్ వెంబడే కొలుచుకుంటూ పోతే సగం కథే తెలుస్తుంది. కాలువ గట్టు నుంచి డ్రెయిన్ దాకా అడ్డంగా ఒక గీత పట్టుకుని నడవండి.

మట్టి విషయంలో ఒక్క హెచ్చరిక. చౌడు నేలకి పుస్తకాల్లో చెప్పే హద్దు, మీటరుకి 4 డెసీసీమెన్స్ (ఈసీ మీటరు ఉప్పుదనం చూపించే కొలమానం), తడిపిన ముద్ద నుంచి పిండిన నీటికి. మనం సులువని ఒక వంతు మట్టికి రెండు వంతుల నీళ్ళు కలిపి కొలుస్తాం, ఉప్పు పలచబడి రీడింగు తక్కువ వస్తుంది. దాన్ని నేరుగా 4తో పోల్చి "నేల బాగానే ఉంది" అని రాశారంటే వైవాలో దొరికిపోతారు.

శాటిలైట్ బొమ్మలకీ నాలుగో గడి కావాలి. ల్యాండ్‌శాట్ 1972 నుంచి, సెంటినెల్-2 2015 నుంచి ఉన్నాయి, రెండూ ఉచితమే, మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ కూడా ఉచితమే. అంతర్వేది దగ్గర తీరం కోతకి గురైందని రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టేసే ముందు, ఏది పోటు మీద తీసిందో చూడండి. యాభైకి ఒకటి వాలు ఉన్న ఇసుక తీరంలో నీళ్ళు అర మీటరు లేస్తే ఒడ్డు 25 మీటర్లు లోపలికి జరిగినట్టు కనిపిస్తుంది. అది కోత కాదు.

జనాభా లెక్కలు వాడేవాళ్ళు మండలం స్థాయిలో తీసుకోండి. 2011 జనాభా లెక్కలు పాత జిల్లాలవి, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు 26 అయ్యాయి. యానాం మన పక్కనే ఉన్నా పుదుచ్చేరిది, ఆంధ్రా పట్టికల్లో దొరకదు. నేను రెండు రోజులు వెతికాను, ఆ సిగ్గు నాకే ఉండనీయండి.

ఇక మనుషులు. మెడలో ఐడీ కార్డు, చేతిలో మీటరు చూడగానే రొయ్యల చెరువుల మీద కంప్లైంటు రాయడానికి వచ్చారనుకుంటారు. వరి రైతు ఒకలా చెబుతాడు, రొయ్యల రైతు ఇంకోలా. మొదటి రోజు మీటరు బ్యాగులోనే ఉంచండి. ఒక పెద్దాయన నన్ను చాలాసేపు చూసి, "ఏవండీ, గవర్నమెంటోళ్ళా?" అన్నారు. "కాదు బాబాయి గారూ, చదువుకుంటున్నాను, పక్క ఊరే" అని మా నాన్నగారి పేరు చెప్పాను. "ఆయ్, ముందే చెప్పొచ్చు కదండీ" అని బొండం కొట్టించారు. ఆయన చెరువు నీళ్ళు ఏ వేళప్పుడు డ్రెయిన్‌లోకి వదులుతారో ఆయనే చెప్పారు. అది కూడా నాలుగో గడిలోకే వెళ్ళింది.

ఈ చదువు దేనికి పనికొస్తుందని ఇంట్లో అడుగుతారు. యూజీసీ నెట్ పరీక్షలో జాగ్రఫీ కోడ్ 80. జేఆర్ఎఫ్ (రీసెర్చ్ చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకి 37,000. హైదరాబాద్‌లో ఇస్రో వాళ్ళ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్ఆర్ఎస్‌సీ ఉంది, కంప్యూటర్ మ్యాపుల పని చేసే జీఐఎస్ కంపెనీలున్నాయి, సివిల్స్‌లో ఆప్షనల్‌గా తీసుకోవచ్చు. లెక్చరర్ పోస్టు ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చోకండి, మా చుట్టుపక్కల డిగ్రీ కాలేజీల్లో ఈ సబ్జెక్టే అరుదు. ఇంటర్వ్యూల్లో నన్ను సాఫ్ట్‌వేర్ గురించి రెండే ప్రశ్నలు అడిగారు, మిగతావన్నీ రీడింగులు ఎలా తీశావన్నవే.

మ్యాప్ పూర్తయ్యాక, బైండింగ్‌కి ఇచ్చే ముందు ఊళ్ళోకి తీసుకెళ్ళి చూపించండి. ఆ పెద్దాయన నాది అటూ ఇటూ తిప్పి చూసి, "అంతా బాగుందండి గానీ, ఈ డ్రెయిన్ పేరు మాది కాదండి, పక్క ఊరిది" అన్నారు.