చెకుముకి తుపాకీ కొయ్యపని – నాలుగవ పాఠం: గొట్టాన్ని కొయ్యలో దించడం

గత పాఠంలో మేపుల్ పలక మీద తుపాకీ పక్కరూపాన్ని గీసుకున్నాం. చేతితో పట్టుకునే సన్నని పిడి దగ్గర కొయ్య నార అడ్డంగా తెగిపోకుండా, పిడి పొడవునా, భుజానికి ఆనే మడమ వైపు దిగుతున్నదో లేదో చూసుకొని, పై అంచును రంపంతో కోసి, చిత్రికపట్టి చదును చేసి ఉంచాం. ఈ పాఠంలో పని ఒక్కటే: ఎనిమిది ముఖాల ఇనుప గొట్టాన్ని ఆ కొయ్యలో సగం లోతు వరకు, మధ్యలో సందు లేకుండా దించడం. నాకు ఇందుకు పదకొండు శనివారాలు పట్టాయి. నేర్పిస్తున్న గురువుగారైతే రెండు రోజుల్లో ముగించేవారు.

కొత్తగా చేరిన పాఠకులకు ఒక హెచ్చరిక. నేను ఈ పని నేర్చుకుంటున్నది అమెరికాలోని పెన్సిల్వేనియాలో; ఇక్కడ కూడా రాష్ట్రానికొక నియమం ఉంటుంది కనుక మొదలుపెట్టే ముందు విచారించుకోవాలి. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ తయారు చేయడం నేరం, మూతిలో నుంచి మందు కూరే నాటు తుపాకీకి కూడా అది వర్తిస్తుంది. అక్కడి పాఠకులు దీన్ని కొయ్యపని పాఠంగానే చదువుకోవాలి. గొట్టాన్ని మాత్రం మేము తయారు చేయడం లేదు. వెనుక మూతిని మరతో బిగించి పూర్తి చేసిన గొట్టాన్ని, పేరున్న తయారీదారు దగ్గర కొన్నాం.

ఆ గొట్టం ఆకారమే ఈ పాఠంలోని కష్టానికంతటికీ మూలం. 18వ శతాబ్దంలో జర్మన్ మాట్లాడే ప్రాంతాల నుంచి వలస వచ్చిన తుపాకీ పనివారు లాంకాస్టర్, రీడింగ్, బెత్లెహెమ్ పరిసరాల్లో స్థిరపడి, తమ దేశపు పొట్టి ‘యేగర్’ వేట తుపాకీని క్రమంగా సన్నగా, పొడవుగా మార్చగా, గొట్టం పొడవు 40 అంగుళాలు దాటింది. అంత పొడవున ఒకే మందం ఉంటే మూతి బరువుకు చెయ్యి వాలిపోతుంది. అందుకని వెనుక మందంగా, ముందుకు పోయేకొద్దీ సన్నగా, మూతి దగ్గర మళ్లీ కొంచెం విప్పారినట్లు గొట్టాన్ని మలిచేవారు. చేతిలోకి తీసుకుంటే తూకం ఎంతో హాయిగా ఉంటుంది. అదే గొట్టాన్ని కొయ్యలో దించబోతే అంగుళం అంగుళానికీ వెడల్పు మారిపోతుంది. ఒక్క కొలత పెట్టుకొని రెండు సమాంతర గీతలు గీసి గాడి తవ్వడం ఇక్కడ కుదరదు.

మొదట వెనుక చివరను స్థిరపరచాలి. పలక పైముఖం మీద నడిమి గీత గీసి, గొట్టం వెనుక ముఖం ఎక్కడ ఆనాలో గుర్తించి, అక్కడ ఉలిని నిట్టనిలువుగా పెట్టి కొయ్యసుత్తితో కొట్టి అడ్డంగా ఒక గోడ తీయాలి. గొట్టాన్ని ఎన్నిసార్లు ఎత్తి దించినా వెనుక ముఖం ఆ గోడకే ఆనుతుంది కనుక ప్రతిసారీ ఒకే చోట కూర్చుంటుంది. ఆ తరువాత గొట్టాన్ని నడిమి గీత మీద బిగించి, సన్నని కత్తిమొనతో దాని రెండు పక్కల అంచులను కొయ్య మీదికి దించుకోవాలి. పెన్సిల్ గీతకు మందం ఉంటుంది, కత్తి గీతకు ఉండదు. పైగా ఉలి మొన ఆ కత్తి గీతలోనే కూర్చుంటుంది.

ఇక లెక్క. సమాన భుజాల ఎనిమిది ముఖాల కడ్డీలో ఒక్కొక్క ముఖం వెడల్పు, ఎదురెదురు ముఖాల మధ్య దూరానికి 0.414 వంతు ఉంటుంది. మా గొట్టం వెనుక భాగం సరిగ్గా 1 అంగుళం, అంటే 25.4 మిల్లీమీటర్లు. కాబట్టి అక్కడ గాడి అడుగు 10.5 మిల్లీమీటర్ల వెడల్పుతో 12.7 మిల్లీమీటర్ల లోతున ఉండాలి; పక్క గోడలు పై అంచు నుంచి సుమారు 5.3 మిల్లీమీటర్లు నిలువుగా దిగి, అక్కడి నుంచి 45 డిగ్రీల వాలుతో అడుగును కలవాలి. ప్రతి 2 అంగుళాలకు ఒకసారి గొట్టాన్ని కొలిచి ఈ అంకెలను ఒక కాగితం మీద పట్టికగా రాసుకోండి. మొదట అడుగు ముఖం వెడల్పున మాత్రమే, కావలసిన లోతుకు ఒక మిల్లీమీటరు తక్కువగా, సన్నని ఉలితో నిలువు గాడి తీయాలి. వాలు ముఖాలు ఆ తరువాతి పని. అలల చారలున్న మేపుల్‌లో నార ప్రతి చారకూ దిశ మార్చుకుంటుంది కాబట్టి ఉలి ఒక చోట వెన్నలా సాగి, మరుక్షణం పెచ్చు లేపుతుంది. పెచ్చు లేచిన చోట ఉలిని తిప్పి ఎదురు దిక్కు నుంచి రావాలి. రెండు దిక్కులా లేస్తుంటే ఉలి పదును పోయిందన్నమాట.

ఇంతవరకు కొలతల పని. చివరి మిల్లీమీటరు దగ్గర కొలబద్దను పక్కన పెట్టేయాలి. చిమ్నీ తీసిన కిరోసిన్ దీపం మంట మీదుగా గొట్టం అడుగు ముఖాలను మెల్లగా నడిపిస్తే పలచని మసి పడుతుంది. మా నాయనమ్మ ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి కాటుక పట్టిన తీరే ఇది. మసి ఎంత పలచగా ఉంటే అంత మంచిది. గొట్టాన్ని నిటారుగా దించి, కొయ్యసుత్తితో రెండు దెబ్బలు వేసి, నిటారుగానే ఎత్తి చూస్తే, కొయ్య ఎక్కడ ఇనుమును అడ్డుకుంటున్నదో అక్కడ నల్లటి మచ్చలుంటాయి. ఆ మచ్చలను మాత్రమే గీకుడు ఉలితో కాగితమంత మందాన తీసి, మళ్లీ మసి పట్టించి, మళ్లీ దించాలి. నిగనిగలాడుతూ అదిమినట్లు కనిపించే మచ్చ నిజమైన ఆనిక. బూడిద రంగులో పులుముకున్నట్లు ఉన్నది దించేటప్పుడు పక్క గోడకు రాసుకున్న మసి. ఈ తేడా తెలియక నేను మొదటి రెండు వారాలు పక్క గోడలను గీకుతూ పోయాను. గురువుగారు ఏమీ అనలేదు. నా చేతిలోని ఉలిని తీసుకొని, దీపాన్ని నా వైపు జరిపి, గాడి అడుగున ఒకే ఒక్క మచ్చను వేలితో చూపించి వెళ్లిపోయారు.

నేను చేసిన ఇంకో పొరపాటు మీరు చేయకండి. దాదాపు 3 కిలోల గొట్టం గాడిలో గట్టిగా పట్టుకుంటే మూతి వైపు పట్టుకొని ఊపి లాగాలనిపిస్తుంది. అలా లాగడంతో ఎడమ అంచు నలిగి, మూతికి 8 అంగుళాల ఇవతల గోరు దూరేంత సందు పడింది. రంపపు పొట్టు, జిగురు కలిపి పూడుస్తానంటే గురువుగారు ఒప్పుకోలేదు. నూనె పట్టించగానే ఆ పూత వేరే రంగులో కనిపిస్తుందన్నారు. కొయ్య తెగలేదు, నలిగింది కనుక, తడిగుడ్డ పరిచి దాని మీద వేడి ఇస్త్రీపెట్టె మొనను ఆనించగా, ఆవిరికి నార ఉబ్బి సందు చాలావరకు మూసుకుపోయింది. తెగిపోయిన చోటికి ఈ ఉపాయం పనికిరాదు. అదే పలక నుంచి నార కలిసే సన్నని చీలికను కోసి అతికించాలి. ఇప్పుడు గొట్టానికి రెండు చివర్లా తాడు ఉచ్చులు వేసి, ఇద్దరం కలిసి ఒక్కసారిగా ఎత్తుతున్నాం.

అడుగంతా సమంగా మచ్చలు పడుతున్నాయంటే గొట్టం కూర్చున్నట్లే. అప్పుడు వెనుక గోడను చూడండి. తుపాకీ పేలినప్పటి వెనుక తోపునంతా భరించేది ఈ గోడే. గొట్టం వెనుక ముఖానికి మసి పూసి చూస్తే, ఆ మసి గోడ నిండా అంటాలి, ఒక మూలకు మాత్రమే కాదు. గొట్టం వెనుక నుంచి పిడి మీదికి వచ్చే ఇనుప తోకను దించేటప్పుడు ఇందుకు విరుద్ధంగా, దాని చివర కాగితమంత ఖాళీ వదలాలి. తోక చివర బిగుతుగా ఆనితే ప్రతి పేలుడుకూ మేకులా దిగబడి, ఎంత మంచి నార ఉన్న పిడినైనా నిలువునా చీలుస్తుంది.

వచ్చే పాఠంలో గొట్టం కింద దట్టింపు కర్రకు బెజ్జం తొలుస్తాం. ఆ బెజ్జానికీ గొట్టానికీ నడుమ మిగలవలసిన కొయ్య సుమారు 3 మిల్లీమీటర్లే కనుక, గాడి అడుగు ఏ చోట ఎంత లోతున ఉందో మీ పట్టికలో చివరి కొలతలతో దిద్దుకొని ఉంచండి. అంతవరకు గొట్టాన్ని గాడిలోనే ఉంచి, మూడు చోట్ల నూలు తాడుతో కట్టి, ఎండ తగలని గోడ వారన బల్లపరుపుగా పడుకోబెట్టండి. తవ్విన పలకను ఒంటరిగా వదిలేస్తే వారంలోనే వంకర పోతుంది.