టార్చి వెలుగులో దొరికిన దొంగలు

రీఫ్ ట్యాంకులో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, ఆల్చిప్పలు నిలవవని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. కాల్షియం, మంచి వెలుతురు అందితే డెరాసా రకం ఆల్చిప్ప గట్టిపిండమే. నా డెరాసా మూడు నెలలు చక్కగా పెరిగింది, పెంకు అంచున తెల్లని కొత్త పొర కూడా వేసింది. ఆ తర్వాత మాంటిల్, అంటే బయటికి పరుచుకునే ఆ రంగుల కండపొర, పూర్తిగా విచ్చుకోవడం మానేసింది. నీడ పడితే చటుక్కున మూసుకునేది కాస్తా మందగించింది.

నీళ్లు పరీక్షించాను. కాల్షియం 420 పీపీఎం, ఆల్కలినిటీ 8.5 డీకేహెచ్, ఉష్ణోగ్రత 26 డిగ్రీలు. ఏ లోపమూ లేదు.

లైట్లు ఆరిన రెండు గంటలకు టార్చి వేసి చూశాను. పెంకు అంచు వెంట బియ్యపు గింజలో సగం కూడా లేని తెల్లని నత్తలు, పదిహేను దాకా! పిరమిడెల్లిడ్ నత్తలవి. సన్నని తొండం గుచ్చి ఆల్చిప్ప రసం పీలుస్తాయి, పగలు పెంకు మడతల్లో, అడుగున దాక్కుంటాయి.

ఆల్చిప్పను మాత్రం రాతి నుంచి లాగకూడదు. రాతిని పట్టుకుని ఉండే దాని దారాల మొదలు చిరిగితే అది బతకడం కష్టం. అందుకే రాయితో సహా ఎత్తి, ట్యాంకు నీళ్ల గిన్నెలో ఉంచి, మెత్తని టూత్‌బ్రష్‌తో మడతలన్నీ రుద్దాను. జిగురు ముద్దల్లాంటి గుడ్లనూ వదల్లేదు. మిగిలిన గుడ్ల నుంచి పిల్లలు వస్తాయి కనుక ఐదు వారాలు రోజు విడిచి రోజు ఇదే పని.

ఆరో వారం మాంటిల్ మళ్లీ పెంకు దాటి పరుచుకుంది. ఇప్పటికీ వారానికోసారి రాత్రి టార్చి వేస్తాను.