ఇంధన సామర్థ్య విధానం నేర్చుకుందాం – 4వ పాఠం: రెండు దేశాల ఏసీలను పోల్చడం

పోయిన పాఠంలో మీ ఇంటి ఏసీ మీదున్న స్టార్ లేబుల్ చదివి, ఐసీర్ అంకెను (ఏడాదిలో లాగిన కరెంటుకి ఏసీ ఎన్ని రెట్లు చల్లదనం ఇస్తుందో చెప్పే మన దేశపు కొలత) నోటుబుక్కులో రాసుకోమన్నాను. మీ అంకె 4.6 అనుకుందాం. అంతర్జాతీయ ఇంధన విధానంలో పరిశోధకులుగా చేరినవాళ్ళకి తొలినాళ్ళలోనే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "అమెరికా ఏసీలకి 17 వస్తుంటే మనవి 4.6 దగ్గరే ఎందుకున్నాయి?" అడిగేది అధికారి కావచ్చు, విలేకరి కావచ్చు. జవాబు మీ దగ్గర ఉండాలి.

ముందు కొలమానం చూడండి. ఆ 17 'సీర్' అంకె, అంటే అమెరికావాళ్ళ ఇలాంటి కొలత. అందులో చల్లదనాన్ని బీటీయూల్లో (వేడిని కొలిచే ఒక యూనిట్), కరెంటును వాట్-గంటల్లో కొలుస్తారు. మన ఐసీర్‌లో రెండూ వాట్-గంటలే. ఒక వాట్-గంటకి 3.412 బీటీయూలు. 17ను దానితో భాగిస్తే 4.98. నాలుగు రెట్లకు దగ్గరగా కనిపించిన తేడా కాస్తా ఇంతకు దిగింది.

చాలామంది ఇక్కడితో పెన్ను మూసేస్తారు. దయచేసి మీరు మూయకండి, అసలు పని ఇప్పుడే మొదలు.

ఏసీ గదిలోని వేడిని తీసి బయటి గాలిలోకి నెట్టాలి. ఆ గాలి ఎంత వేడెక్కితే కంప్రెసర్ గ్యాసును అంత గట్టిగా నొక్కాలి, కరెంటూ అంత ఎక్కువ లాగుతుంది. ఏప్రిల్ నెలాఖరు మధ్యాహ్నం కూకట్‌పల్లిలో పడమటి గోడకు బిగించిన యూనిట్ పడే కష్టం జూలై ముసురులో ఉండదు. అందుకే ఏడాది సగటు తీయాలంటే ఏ ఉష్ణోగ్రతలో ఎన్ని గంటలు నడుస్తుందో ముందే తేల్చుకోవాలి. మన దగ్గర స్టార్ లేబుళ్ళు చూసే బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 24 నుంచి 43 డిగ్రీల దాకా 1600 గంటలు పంచింది. అమెరికా పట్టిక సుమారు 19 నుంచి 39 డిగ్రీలు, అందులోనూ ఐదింట నాలుగు వంతుల గంటలు దాదాపు 30 లోపే. కాబట్టి ఆ 4.98 మన ఎండల లెక్కలో తగ్గే అవకాశమే ఎక్కువ. ఎంత తగ్గుతుందన్నది ఆ మెషీన్ పరీక్షా ఫలితాలు చేతిలో లేకుండా చెప్పకండి. ఈ వృత్తిలో నేను అన్నిటికన్నా విలువిచ్చేది ఈ నిగ్రహానికే.

అంకె పక్కన లేబుల్ ఏ ఏడాదిదో కూడా రాసుకోండి. 4.6 ఐసీర్ ఉన్న స్ప్లిట్ ఏసీ 2021లో ఫైవ్ స్టార్. 2022 జూలైలో ఫైవ్ స్టార్ హద్దు 4.5 నుంచి 5కి పెరిగాక అదే మెషీన్ ఫోర్ స్టార్ అయింది. అందుకే మీరు వేసే పోలిక పట్టికలో స్టార్లు ఎక్కించొద్దు.

అభ్యాసం: యూరప్‌లో అమ్మే ఒక ఏసీకి సీర్ 8.5 అని ఉందనుకోండి. అక్కడ భాగించే పనిలేదు, వాళ్ళదీ వాట్‌కి వాట్ లెక్కే. కానీ వాళ్ళ పట్టిక 17 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. ఆ చల్లటి గంటలు అంకెను ఎటు లాగుతాయో, ఎందుకో నాలుగైదు వాక్యాల్లో రాయండి. 5వ పాఠంలో ఆ వాక్యాలతోనే పని.