ఎవరి కారైనా అడిగి తీసుకెళ్తున్నారా, ముందు ఇది చూసుకోండి

పెళ్లికనో ఊరికనో బావ కారో ఫ్రెండ్ కారో తీసుకెళ్తాం కదా, తాళాలు తీసుకునే ముందే ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబర్ కొట్టి ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో చూడండి, తర్వాత అది ఉత్త థర్డ్ పార్టీనా (ఎదుటివాళ్ల నష్టానికి మాత్రమే), ఫుల్ పాలసీనా (ఆ కారు డ్యామేజ్‌కి కూడా) అని ఓనర్‌ని అడగండి. మన దగ్గర పాలసీ బండికి ఉంటుంది, నడిపేవాళ్లకి కాదు. కాబట్టి ఓనర్ ఒప్పుకుని ఇచ్చి, మీకు కారు లైసెన్స్ ఉండి, తాగకుండా నడిపితే ఎదుటివాళ్ల నష్టం ఆ పాలసీయే చూసుకుంటుంది. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే మాత్రం ఆ కారు రిపేర్ మొత్తం చేతి నుంచే.

నేను మా బావ కారు గేటు స్తంభానికి రాసేశాను, ముందు బంపర్ ఒక మూల చీలి హెడ్‌లైట్ పగిలింది. క్లెయిమ్ చేద్దాం అన్నాడు గానీ ఆయనకి ఐదేళ్లుగా క్లెయిమ్ లేక 50 శాతం నో క్లెయిమ్ బోనస్ (ప్రీమియంలో సొంత బండి డ్యామేజ్ భాగం మీద తగ్గింపు) వచ్చింది, ఒక్క క్లెయిమ్‌తో అది సున్నా అయిపోతుంది, అందుకే రిపేర్ డబ్బులు నేనే కట్టేశా, అదే న్యాయం కూడా.

ఇంకోటి, చాలామందికి తెలీదు. ఓనర్‌కి ఉండే 15 లక్షల యాక్సిడెంట్ కవర్ మీకు రాదు. అడిగి తెచ్చుకుని నడిపేవాళ్లు ఓనర్ స్థానంలో ఉన్నట్టే, థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ల) కిందకి రారు అని 2020లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అందుకే మీ పేరు మీద విడిగా ఒక పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకోండి ప్లీజ్.