ఎండల ఊళ్లలో ఇంటి లోపల క్రోటన్

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్షా వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. వేరు పట్టిన క్రోటన్ నీటి ఎద్దడిని కొంత ఓర్చుకుంటుంది గానీ వడగాలిని ఓర్చుకోదు. తూర్పు కిటికీ దగ్గర పెట్టండి. పొద్దుటి ఎండ రెండు మూడు గంటలు తగిలితేనే ఎరుపు, పసుపు రంగులు నిలుస్తాయి; చీకటి మూలలో కొత్త ఆకులు ఉత్త పచ్చగా వస్తాయి.

నీళ్లకు తేదీలు పెట్టుకోవద్దు. వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చండి. పొడిగా తగిలితే అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచింది పారబోయండి. ఇంట్లో ఎక్కువ మొక్కలు చచ్చేది ఎండి కాదు, వేళ్లు కుళ్లి. చిక్కేమిటంటే రెండింటికీ ఆకులు ఒకేలా వాలతాయి. మట్టి తడిగా ఉండీ ఆకు వాలిందంటే ఇంకో చెంబు పోయకండి. మొక్కను మట్టిగడ్డతో సహా బయటికి తీసి, నల్లగా మెత్తబడ్డ వేళ్లు కత్తిరించి, కొత్త మట్టిలో నాటండి. కుండీలో నల్లరేగడి ఒక్కటే నింపితే చివరికి ఇదే గతి. రెండు పాళ్ల మట్టికి ఒక పాలు ఇసుక, ఒక పాలు మాగిన పశువుల ఎరువు కలపండి.

నర్సరీ నుంచి తెచ్చిన కొత్తలో కింది ఆకులు రాలడం మామూలే. కంగారుపడి చోటు మార్చారో, ఇంకా రాలుస్తుంది.

ఆకు అడుగున సన్నని బూజు దారాలు, పైన పిన్ను పొడిచినట్టు చుక్కలు ఉంటే ఎర్రనల్లి అనే రసం పీల్చే సన్న పురుగు పట్టినట్టే. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం ఆకు అడుగు తడిసేలా వారానికోసారి కొట్టండి.

చలికాలం రాత్రుళ్లు కిటికీ మూయండి. కొమ్మ తుంచితే కారే పాలు దురద పెడతాయి, పిల్లలకు అందనివ్వకండి.